సర్వర్‌ని తప్ప అందర్నీ అడిగారు

డేటాబేస్ సర్వర్‌కి అప్‌డేట్ వేయడమంటే మన ఐటీ కంపెనీల్లో ఆషామాషీ వ్యవహారం కాదు. ముందు టికెట్ పుట్టాలి. అందులో రిస్కు ఎంతో రాయాలి, బెడిసికొడితే వెనక్కి వచ్చే దారేదో రాయాలి. మేనేజరు సరే అనాలి, ఆయన పై మేనేజరు సరే అనాలి, వారానికోసారి కొలువుదీరే చేంజ్ బోర్డు తల ఊపాలి. అమెరికాలో శనివారం రాత్రికి ముహూర్తం పెడితే, హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్నే టిఫిన్ మానుకుని నలుగురు లాప్‌టాప్‌ల ముందు కూర్చోవాలి. బ్రిడ్జి కాల్‌లోకి అప్లికేషన్ వాళ్లు, నెట్‌వర్క్ వాళ్లు, స్టోరేజీ వాళ్లు, ఎందుకొచ్చారో తమకే తెలియనివాళ్లు హాజరవుతారు. ఒకరు 'నెక్స్ట్' నొక్కుతారు. మళ్లీ నొక్కుతారు. ఆకుపచ్చ టిక్కు వస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి టికెట్‌కి అంటిస్తారు. 'గ్రేట్ జాబ్ టీమ్' అని పైనుంచి ఒక మెయిల్ రాలుతుంది, దాని వెనకే 'రిప్లై ఆల్' అభినందనల వర్షం. టికెట్ మూత పడుతుంది.

ఇంత తతంగంలో ఎవరూ పలకరించనిది ఒక్క సర్వర్‌నే. 'అయ్యా, ఇంతకీ ఇప్పుడు తమరి వెర్షన్ ఎంత?' అని దాన్ని అడిగిన పాపాన పోయినవాడు లేడు.

అడగడం కష్టమా అంటే అదీ కాదు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'సెలెక్ట్ @@వెర్షన్' అని ఒక్క వరుస కొడితే తన పుట్టుపూర్వోత్తరాలన్నీ అదే చెప్పుకుంటుంది. పొందిగ్గా కావాలంటే 'సర్వర్‌ప్రాపర్టీ' అనే ఫంక్షన్ ఉంది. 'ప్రోడక్ట్‌వెర్షన్' అడిగితే బిల్డ్ నంబరు ఇస్తుంది, 'ప్రోడక్ట్‌లెవెల్' అడిగితే సర్వీస్ ప్యాక్ ఏదో చెబుతుంది. సెకను పని. బోర్డు అనుమతి అక్కర్లేదు, డౌన్‌టైమ్ అక్కర్లేదు. ఒక్కటే చిక్కు: అడిగితే జవాబు చెబుతుంది. మూసేసిన టికెట్‌కి జవాబును మించిన శత్రువు లేదు.

అడక్కపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే చరిత్రలోకి కాస్త వెనక్కి వెళ్లాలి. 2002 జనవరి 15న బిల్ గేట్స్ తన ఉద్యోగులందరికీ ఒక మెయిల్ రాశాడు. ఇకమీదట కొత్త హంగులకన్నా భద్రతే ముందు, కంప్యూటర్‌ని జనం నమ్మేలా చేయాలి అన్నది దాని సారాంశం. అదే ఏడాది జూలై 24న ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లో డేవిడ్ లిచ్‌ఫీల్డ్ అనే పరిశోధకుడు కనిపెట్టిన లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసింది. లోపం ఉన్నది 1434 నంబరు యూడీపీ పోర్టులో. 'ఈ మెషీన్లో ఏయే ఇన్‌స్టన్స్‌లు ఉన్నాయి, వాటి వెర్షన్లేమిటి' అని బయటినుంచి ఎవరైనా అడిగితే జవాబు చెప్పే కిటికీ అది. ఇంటివాళ్లు అడగని ప్రశ్నకి బయటివాళ్ల కోసం ప్రత్యేకంగా కట్టిన కిటికీ అన్నమాట.

ప్యాచ్ వచ్చి ఆరు నెలలు గడిచాయి. 2003 జనవరి 17న సర్వీస్ ప్యాక్ 3 కూడా వచ్చింది, ఆ ప్యాచ్‌ని కడుపులో పెట్టుకుని. మరో ఎనిమిది రోజులకి, జనవరి 25 శనివారం, మన గడియారంలో పొద్దున పదకొండు ప్రాంతంలో, ఆ కిటికీలోంచి 'స్లామర్' అనే పురుగు దూరింది. దాని పరిమాణం 376 బైట్లు. ఈ పేరా ఒక్కటీ కంప్యూటర్లో దాచాలన్నా అంతకు ఎన్నో రెట్ల జాగా కావాలి. మొదటి నిమిషంలో దాని సంతానం ఎనిమిదిన్నర సెకన్లకోసారి రెట్టింపయింది. దొరకగల సర్వర్లలో తొంభై శాతాన్ని పది నిమిషాల్లో చుట్టేసింది. మొత్తం కనీసం 75,000 మెషీన్లు. దానికి చేంజ్ బోర్డు అనుమతి ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు.

బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏటీఎంలు వేల సంఖ్యలో డబ్బివ్వడం మానేశాయి. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ కుప్పకూలింది. కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ విమానాలు రద్దయ్యాయి. సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూలో, ఆపదలో ఫోన్ చేస్తే పలికే 911 కేంద్రం సిబ్బంది కాగితం, కలం పట్టుకున్నారు. ఒహాయోలోని డేవిస్-బెస్సీ అణు విద్యుత్ కేంద్రంలో భద్రతా సూచికలు చూపించే కంప్యూటర్ దాదాపు ఐదు గంటలు మూగబోయింది. ఫైర్‌వాల్ ఉంది కదా అంటారేమో. ఉంది. దాని పక్కనుంచి ఒక కాంట్రాక్టరు కంపెనీ లైను కూడా ఉంది. ప్లాంటు అప్పటికే వేరే కారణాలతో మూతపడి ఉండబట్టి సరిపోయింది. అలాంటి ప్యాచ్ ఒకటుందని కూడా అక్కడి కంప్యూటర్ ఇంజనీర్లకి తెలియదని తర్వాత తేలింది.

అసలు రసవత్తర ఘట్టం మైక్రోసాఫ్ట్‌లోనే జరిగింది. భద్రతే మా ఊపిరి అని మెయిల్ వెళ్లిన ఏడాది పది రోజులకి, తాము తయారుచేసిన ప్యాచ్‌ని తమ సర్వర్లన్నిటికీ వేసుకోని కారణంగా, సొంత నెట్‌వర్క్ కూడా ఆ పురుగు బారిన పడింది. మందు కనిపెట్టినవాళ్లకే రోగం తగులుకుంది. మెయిల్ మాత్రం అందరికీ చేరింది. మెయిళ్లు ఎప్పుడూ చేరతాయి.

స్లామర్ డిస్కు మీద ఏమీ రాయలేదు. మెమరీలోనే బతికింది. అందుచేత మన వృత్తిలోని సర్వరోగ నివారిణి, అంటే రీస్టార్ట్, దాని మీద అద్భుతంగా పనిచేసింది. రీస్టార్ట్ చేస్తే పురుగు మాయం. 'ఇష్యూ రిజాల్వ్‌డ్' అని టికెట్లో రాసుకునేలోపు ప్యాచ్ లేని సర్వర్‌లోకి మళ్లీ అదే కిటికీలోంచి అదే పురుగు. దానికి సేవాభావం ఎక్కువ.

పైగా చాలామందికి తమ దగ్గర ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉందనే తెలియదు. ఎంఎస్‌డీఈ అనే చిన్న తమ్ముణ్ణి డెవలపర్ టూల్స్ వాళ్లూ, ఇతర సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్లూ తమ సరుకు లోపల పెట్టి అమ్మారు. జాబితాలో లేని సర్వర్‌కి వెర్షన్ ఉండదు, ప్యాచ్ ఉండదు, ఆడిట్లో తప్పు ఉండదు. పురుగుకి మాత్రం అడ్రసు ఉంటుంది.

సరే, ఆ దెబ్బతో బుద్ధొచ్చి కొందరు అడగడం మొదలుపెట్టారు. అక్కడ రెండో అంకం. 'సెలెక్ట్ @@వెర్షన్' కొట్టారు. జవాబు వచ్చింది: ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000, 8.00.194, కాపీరైటు, ఎడిషన్, ఆ తర్వాత చిట్టచివర 'విండోస్ ఎన్‌టీ 5.0, బిల్డ్ 2195: సర్వీస్ ప్యాక్ 3'. సర్వీస్ ప్యాక్ 3 అనే మూడు ముక్కలు కంటపడగానే ఆఫీసులో పండగ. 'మనం ఎస్‌పీ త్రీలో ఉన్నాం సార్!' ఆ సర్వీస్ ప్యాక్ కింద ఉన్న విండోస్‌ది. డేటాబేస్ సంగతి మొదటి వరుసలోని 194 చెబుతోంది. అది డబ్బా విప్పిన రోజు నంబరు. ఒక్క ప్యాచ్ కూడా ఎరగని పసిబిడ్డ. ఎస్‌పీ3 వేసి ఉంటే అక్కడ 760 ఉండాలి. అద్దెకున్నవాడికి జ్వరం ఎంతుందో చూడమంటే ఇంటి ఓనరు నోట్లో థర్మామీటరు పెట్టి 'నార్మల్' అని రాసుకున్నట్టుంది కథ. తర్వాతి తరాల్లో సర్వీస్ ప్యాక్ పేరును మొదటి వరుసలోనే బ్రాకెట్లో పెట్టి మైక్రోసాఫ్ట్ పుణ్యం కట్టుకుంది. ఆ వరుస చదివే ఓపిక ఎలా పెట్టాలో మాత్రం వాళ్లకీ తెలియలేదు.

మైక్రోసాఫ్ట్‌ని ఊరికే వదిలేయడమూ న్యాయం కాదు. 760 వచ్చిందా, హమ్మయ్య అనుకునేలోపు అదే ఏడాది ఎస్‌పీ3ఏ వచ్చింది. దాని బిల్డ్ నంబరు? అదీ 760యే. ఎస్‌పీ3కీ ఎస్‌పీ3ఏకీ తేడా తెలియాలంటే నెట్ లైబ్రరీ ఫైలు, అంటే ఎస్‌ఎస్‌నెట్‌లిబ్ అనే డీఎల్‌ఎల్, దాని వెర్షన్ విడిగా తీసి చూడాలి. స్లామర్ దూరిన రంధ్రం ఉన్నది సరిగ్గా ఆ ఫైల్లోనే. ప్రపంచాన్ని వణికించిన ఫైలు మారిందో లేదో చెప్పే నంబరును ప్రధాన వెర్షన్‌లో కనపడకుండా పెట్టడానికి ఎంత సృజన కావాలి!

ఇక పేర్ల లెక్క. 2000కి 8, 2005కి 9, 2008కి 10. మరి 2008 ఆర్2కి? పదకొండు కాదు, 10.50. పదిన్నర. తర్వాత 2012కి 11, 2014కి 12. '12.0' అని సర్వర్ నిజం చెబితే 'ఓహో, మనది 2012' అని రిపోర్టులో రాసేవాళ్లు ఊరూరా ఉన్నారు. 2012కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2022 జూలై 12తో, 2014కి 2024 జూలై 9తో ముగిసింది. రిపోర్టులో ఒక అంకె తడబడితే బతికున్న సర్వర్‌కి రెండేళ్ల ముందే తద్దినం పెట్టినట్టు, లేదా పోయినదానికి ఇంకా ఇంక్రిమెంట్లు వేస్తున్నట్టు.

2017 వెర్షన్‌తో మరో మలుపు. ఇకమీదట సర్వీస్ ప్యాక్‌లే లేవు, అన్నీ క్యుములేటివ్ అప్‌డేట్లే అన్నారు. మంచిదే. కానీ ఆడిట్ ఫారంలో 'సర్వీస్ ప్యాక్ లెవెల్' అనే గడి అలాగే ఉండిపోయింది. ఫారంలకి సపోర్ట్ ఎప్పటికీ ముగియదు. నిన్నగాక మొన్న అప్‌డేట్ వేసిన సర్వర్‌ని 'ప్రోడక్ట్‌లెవెల్' అడిగితే 'ఆర్‌టీఎం', అంటే తొలి విడుదల, అంటుంది, ఎందుకంటే దాని బతుకంతా ఆర్‌టీఎంయే. క్యుములేటివ్ అప్‌డేట్ ఎంతో 'ప్రోడక్ట్‌అప్‌డేట్‌లెవెల్' అని అడగాలి. ఆ సంగతి తెలియని ఆడిటరు గుడ్లు తేలేస్తాడు: 'ఇన్నేళ్లుగా ఒక్క సర్వీస్ ప్యాక్ కూడా వేయలేదా?' లేదు సార్, అవి రావు అంటే నమ్మడు. గడిలో 'వర్తించదు' అని రాస్తే ఫారం ఒప్పుకోదు. చివరికి లోకకల్యాణం కోసం 'ఎస్‌పీ1' అని రాస్తారు. ఫారం సంతోషిస్తుంది, ఆడిటరు సంతోషిస్తాడు. ఆ భూమ్మీద లేని సర్వీస్ ప్యాక్ మీద సంతకాలు కూడా పడతాయి.

నంబరు పెద్దదైతే కొత్తదనే గుడ్డి నమ్మకం ఒకటి ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019నే తీసుకోండి. భద్రతా ప్యాచ్‌లు మాత్రమే వచ్చే దారి ఒకటి, అన్ని సవరణలూ కలిపి వచ్చే క్యుములేటివ్ దారి ఒకటి. 2020 జనవరిలో వచ్చిన మొదటి క్యుములేటివ్ అప్‌డేట్ నంబరు 15.0.4003. 2023 ఫిబ్రవరిలో మొదటి దారిలో వచ్చిన భద్రతా ప్యాచ్ నంబరు 15.0.2101. నాలుగు వేలు రెండు వేలకన్నా పెద్దది కాబట్టి మూడేళ్ల వెనకబడిన సర్వర్ ఎక్సెల్ షీట్‌లో ఆకుపచ్చగా మెరుస్తుంది, భద్రంగా ఉన్నది ఎర్రబడుతుంది. షీట్ తయారుచేసినాయనకి ఆ క్వార్టర్ అవార్డు ఖాయం.

ఇంకో జాతి ఉంది. వెర్షన్ స్క్రీన్‌షాట్ పంపమంటే మేనేజ్‌మెంట్ స్టూడియో తెరిచి, హెల్ప్ మెనూలో 'అబౌట్' నొక్కి, దాని ఫొటో పంపుతారు. అది వాళ్ల లాప్‌టాప్‌లోని టూల్ వెర్షన్. సర్వర్‌కీ దానికీ బీరకాయ పీచు చుట్టరికమే. ఆ ఫొటోలో వెర్షన్ 20 అని ఉందనుకోండి. సర్వర్ 2022 అసలు నంబరు 16. ఇరవై చూసి పైవాళ్లు మురిసిపోతారు, అడిగినదానికన్నా నాలుగు ఎక్కువే ఇచ్చారని.

ఒకే మెషీన్ మీద మూడు ఇన్‌స్టన్స్‌లుంటే సెటప్ బొమ్మలో ఒకదానికే టిక్కు పెట్టి మూడింటికీ శుభం కార్డు వేసేవాళ్లు, క్లస్టర్‌లో ఒక నోడ్‌కి వేసి రెండోదాన్ని మరిచిపోయేవాళ్లు కోకొల్లలు. మరిచిన నోడ్ ఓపిగ్గా ఎదురుచూస్తుంది. మొదటిది కూలిన అర్ధరాత్రి పాత బిల్డ్ ఫైళ్లతో లేవబోతుంది. అప్పుడు మళ్లీ బ్రిడ్జి కాల్. ఈసారి అభినందనలుండవు.

ఈ జబ్బు ఒక్క మైక్రోసాఫ్ట్ సొత్తనుకుంటే పొరపాటు. ఒరాకిల్‌లో 'ఓప్యాచ్' నడిపి ఫైళ్లు మార్చేసి చేతులు దులుపుకుంటారు. ఆ తర్వాత 'డేటాప్యాచ్' నడిపి డేటాబేస్ లోపలికి ఆ మార్పులు ఎక్కించాలన్నది గుర్తుండదు. ఇల్లు ప్యాచ్ అయింది, ఇంట్లోవాళ్లు కాలేదు. పోస్ట్‌గ్రెస్‌లో కొత్త ప్యాకేజీ డిస్కు మీద కూర్చుంటుంది, రీస్టార్ట్ చేసేదాకా మెమరీలో పాతదే నడుస్తూ ఉంటుంది. 'పీఎస్‌క్యూఎల్' టూల్ వెర్షన్ చూసి సర్వర్ వెర్షన్ అనుకోవడం ఆ శాఖవారి సంప్రదాయం.

అప్‌డేట్లంటే జనానికి భయం ఊరికే పుట్టలేదు, అదీ ఒప్పుకుందాం. 2015 ఏప్రిల్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 సర్వీస్ ప్యాక్ 1ని విడుదల చేసి, ఇన్‌స్టాల్‌లో తేడా వచ్చి వెనక్కి తీసుకుని, మర్నెల మళ్లీ ఇచ్చారు. అంతకు పదేళ్ల ముందు 2000కి వచ్చిన ఎస్‌పీ4 పెద్ద మెమరీ ఉన్న సర్వర్లలో సగమే వాడుకునేది. దానికి మళ్లీ ఒక సవరణ. కాబట్టి ప్యాచ్ వేయడానికి భయపడే డీబీఏని నేను వెక్కిరించను. నాకర్థం కానిది రెండో భయం: వేశాక చూడటానికి భయం. వేయడంలో సర్వర్ పడిపోవచ్చు. చూడటంలో పడిపోయేది రిపోర్టు ఒక్కటే. ఏది పడిపోకుండా కాపాడుకుంటున్నామో అక్కడే తెలిసిపోతోంది.

అమెరికాలో జనం అప్పుల చరిత్ర దాచే కంపెనీ ఈక్విఫాక్స్ కథ డేటాబేస్ సర్వర్‌ది కాదు గానీ పాఠం అదే. 2017 మార్చి 7న అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌కి ప్యాచ్ వచ్చింది. రెండు రోజుల్లో కంపెనీలో 400 మందికి పైగా మెయిల్ వెళ్లింది: నలభై ఎనిమిది గంటల్లో వేయండి. తర్వాత స్కాన్ కూడా నడిపారు. స్కాన్‌కి ఏమీ కనపడలేదు. దొంగలకి కనపడింది. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాక, పదవి దిగిపోయిన సీఈఓ అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని, చెప్పాల్సిన ఒక ఉద్యోగి చెప్పలేదు అన్నాడు. మెయిల్ నాలుగొందల మందిది, తప్పు ఒక్కడిది. గణితంలో ఇంత చక్కని భాగహారం మరొకటి లేదు. ఆ ఏడాదే మేలో 'వానాక్రై' అనే మరో పురుగు విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలో కూడా కొన్నిటికి తాళాలు పడ్డాయి. దాని ప్యాచ్ వచ్చి అప్పటికి రెండు నెలలు.

మరి విరుగుడు? పెద్ద పెద్ద టూల్స్ కొనమనను. కొన్నవే డబ్బాల్లో ఉన్నాయి. టికెట్ మూసే ముందు ఒక గడి పెట్టండి. అందులో స్క్రీన్‌షాట్ కాదు, సర్వర్ స్వయంగా ఇచ్చిన జవాబును అక్షరం పొల్లుపోకుండా అతికించాలి. ప్రతి ఇన్‌స్టన్స్‌కీ, ప్రతి నోడ్‌కీ, ముందొకటి, తర్వాతొకటి. ఆ నంబరును కంపెనీ ప్రకటించిన బిల్డ్ జాబితాతో, ఏ దారిలోదో చూసి మరీ పోల్చాలి. వేసినవారు ఒకరు, అడిగేవారు మరొకరు. ఎందుకంటే తన పెళ్లికి తానే సాక్షి సంతకం పెట్టే ఆచారం ఐటీలో తప్ప ఎక్కడా లేదు. ఇది కుదరదంటారా, అయితే కనీసం నిజాయితీగా టికెట్ మూసే మాట మార్చండి. 'అప్‌డేట్ విజయవంతం' తీసేసి 'అప్‌డేట్ అయిందని మా విశ్వాసం' అని పెట్టండి. ఆడిటర్లకి విశ్వాసం చాలు. దేవాదాయ శాఖ తరవాత అది ఎక్కువగా నడుస్తున్నది అక్కడే.

ఇదంతా పనికిమాలిన చాదస్తం, మా సర్వర్ వెర్షన్ ఎవడిక్కావాలి అనుకునేవాళ్లకి ఒక్క భరోసా ఇవ్వగలను. అది కావాల్సినవాళ్లు ఉన్నారు. ఏ సర్వర్ మీద దాడికి దిగినా వాళ్లు చేసే మొదటి పనుల్లో ఒకటి దాని వెర్షన్ అడగడం. వాళ్లు విండోస్ సర్వీస్ ప్యాక్‌ని డేటాబేస్ సర్వీస్ ప్యాక్ అనుకోరు, పన్నెండుని 2012 అనుకోరు, 4003ని చూసి మురిసిపోరు. బిల్డ్ జాబితా వాళ్లకి కంఠతా. జీతం లేకుండా, అప్రైజల్ లేకుండా, ఆదివారం పొద్దున టిఫిన్ గురించి ఆలోచించకుండా మన సర్వర్లని అంత శ్రద్ధగా పరిశీలిస్తున్నవాళ్లు ఈ భూమ్మీద వాళ్లొక్కరే. మనం టికెట్ మూసేస్తాం. వాళ్లు తెరిచి చూస్తారు.